పుల్ల పెట్టిన పేజీ

చుట్టాలు వస్తున్నారంటే సుక్కమ్మ ముందుగా చేసే పని ఇల్లు ఊడవడం కాదు, ఊడ్చిన చీపురును దాచడం. ఆ అలవాటు అత్త సోమమ్మ దగ్గర అబ్బింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి ఆడబిడ్డ అత్తింటివాళ్లు దిగేసరికి సుక్కమ్మ రోలు దగ్గరే ఉంది. చేతులకు కారం, కొంగుకు తడి, పక్కన ఉతకాల్సిన బట్టల కుప్ప. వాళ్లు పోయాక సోమమ్మ కేకలేం వేయలేదు, మెల్లగానే అంది. "ఇల్లంత పని పరుసుకోని కూసుంటరా పిల్లా? వచ్చినోళ్లు ఏమనుకుంటరు, ఈ ఇంటి కోడలికి పని తెమలదనుకోరా?" భర్త బీరన్న ఇంకో మాట కలిపాడు. గొర్ల మంద వెంట తిరిగే మనిషి, మాట తక్కువ. అన్న మాట మాత్రం మేకు దిగినట్టు దిగేది. "పని అయినట్టు కనబడాలె గని, నువ్వు జేసినట్టు కనబడొద్దు."

సుక్కమ్మ దాన్ని తిట్టుగా తీసుకోలేదు, విద్యగా తీసుకుంది. రోలు కడిగి బోర్లించడం, తడిబట్టలు పెరట్లోకి చేర్చడం, పిల్లవాడి బొంత మడిచి మంచం కింద తోయడం, కాలిన వేలు కొంగులో పెట్టుకోవడం. గడపలో మనుషుల చెప్పుల చప్పుడు వినిపించే సరికి ఇల్లు ఎవరూ ఉండని ఇల్లులా తయారయ్యేది. కూర్చుని కనబడితే సోమరి, పని చేస్తూ కనబడితే చేతకానిది. ఆ రెండూ కాకుండా ఎలా ఉండాలో ఆమె నేర్చుకుంది. ఇంత చేసినా ఇల్లు బాగుందని ఆమెతో అన్నవాళ్లు లేరు. బాగున్న ఇల్లును చూసి ఎవరూ ఏమీ అనరు. ఒక్కనాడు బాగాలేకపోతే మాత్రం అందరికీ కళ్లు వస్తాయి.

తెలంగాణ వచ్చిన ఏడాది బీరన్న పోయాడు. ఉన్నన్నాళ్లు ఆమెను వయోజనుల బడికి పోనివ్వలేదు. "అఆలు నేర్సుకోని గొర్లకు చెప్తవా? గొర్లు ఇంటయానే?" అని నవ్వేవాడు. నవ్వుతూ అన్న మాటకు ఎదురు చెప్పడం కష్టం, కోపంతో అన్నదైతే కనీసం ఏడవొచ్చు. ఆయన పోయాక, ఏడాది మాసికం అయిపోయాక, సంఘం ఆడవాళ్లు పెట్టిన సాయంకాలం బడికి వెళ్లి సుక్కమ్మ పలక పట్టింది. అప్పటికి ఆమె జుట్టు సగం నెరిసింది. ఒత్తులు రావడానికే ఏడాది పట్టింది. తర్వాత నల్లగొండలో, ఊరి చివర ఉన్న ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఊడ్చే పని దొరికింది. పానగల్‌లో కొడుకు శివకృష్ణ ఇంట్లో ఉంటూ రోజూ ఆటోలో వచ్చిపోయేది.

కాలేజీలో గదులన్నీ ఊడ్చాక చివరికి లైబ్రరీ. అప్పటికి పొద్దు వాలడం మొదలవుతుంది. కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా బల్లల మీద పడుతుంది. ఊళ్లకు పోయే పిల్లలు అయిదున్నర బస్సు దాకా అక్కడే కూర్చుంటారు. సుక్కమ్మ చివరి ర్యాకు వెనక నేల మీద కూర్చుని ఒక పుస్తకం తీసేది. సముద్రం గురించి పిల్లల కోసం రాసిన లావు పుస్తకం, బొమ్మలు ఎక్కువ. సముద్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. అందులో తిమింగలం అనే దాని దగ్గరకు వచ్చేసరికి ఆమెకు పుస్తకం వదలబుద్ధి కాలేదు. చేపలా ఉంటుందట గానీ చేప కాదట, పిల్లను కని పాలు ఇస్తుందట. గొర్రెలను ఈనించిన చేతులు ఆమెవి. నీళ్లలో ఈనితే పిల్లకు ఊపిరి ఎట్లా అని ఆమెకు రెండు రోజులు అదే ధ్యాస, అన్నం వడ్డిస్తున్నా అదే. ఇంట్లో ఎవరినైనా అడుగుదామంటే ఎవరిని అడుగుతుంది. ఆ గంట ఆమెది. రోజు మొత్తంలో ఎవరూ పిలవని గంట అదొక్కటే.

ఒకసారి ప్రిన్సిపాల్ కమలాకర్ సార్ ఎందుకో లైబ్రరీకి వచ్చి ఆమెను చూశాడు. "ఊడ్వనీకి పెట్టుకున్నం గని సదవనీకా సుక్కమ్మా?" అన్నాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట అని మర్చిపోయాడు కూడా. ఆమె మర్చిపోలేదు. అప్పటినుంచి ర్యాకు వెనక ఇంకా లోపలికి జరిగి కూర్చునేది, అడుగుల చప్పుడైతే చేతిలోకి చీపురు తీసుకునేది. లైబ్రేరియన్ శైలజ మేడంకు అంతా తెలుసు. తెలియనట్టు ఉండేది.

బస్సు దాకా కూర్చునే ఆ పిల్లలు పుస్తకాలు ఇంటికి తీసుకుపోరు. ఎందుకని సుక్కమ్మ ఒకసారి అడిగింది. "ఇంటికి తీస్కపోతే మా అన్న దాని మీద కూరగిన్నె పెట్టిండు సుక్కవ్వా. మరక ఇంక పోలేదు" అంది అక్షిత. చివరి ఏడాది చదువుతున్న పిల్ల, మునుగోడు వైపు నుంచి వస్తుంది. రెండో ఏడాది భాగ్యలక్ష్మికి పెండ్లయి ఆరు నెలలు, కాళ్లకు మెట్టెలు ఇంకా కొత్తవి. "మా అత్త ఏమంటదో ఎర్కనా? కాలేజీల సదివింది సాలదా, ఇంటికి గూడ మోసుకొస్తున్నవా అంటది. సేతిల పుస్తకం సూస్తె సాలు, అప్పుడే ఏదో ఒక పని యాదికొస్తది ఆమెకు" అంది. పక్కన కూర్చున్న పిల్లలు నవ్వారు. సుక్కమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులో తమ ఇళ్లన్నీ ఉన్నాయి.

అందుకే వాళ్లు చదివిన చోట గుర్తు పెట్టి, పుస్తకాన్ని మళ్లీ ర్యాకులోనే ఉంచి పోయేవాళ్లు. మర్నాడు వచ్చి అక్కడినుంచి చదువుకోవచ్చు. గుర్తుకు ఏది దొరికితే అది. బస్సు టికెట్టు, తలలోంచి తీసిన పిన్ను, జాకెట్టు దారం. ఎక్కువగా చీపురు పుల్ల. "సుక్కవ్వా, ఒక పుల్ల ఇయ్యరాదు" అని చేయి చాపేవాళ్లు. "ఊడ్సుటానికి ఇచ్చిన చీపురు మీ సదువుకే అయిపోతాంది" అని విసుక్కుంటూనే ఒక్కో పుల్ల విరిచి ఇచ్చేది. కొందరు పెన్సిలుతో గీతలు కూడా గీసేవాళ్లు, ఇంగ్లీషు మాట పక్కన సన్నగా తెలుగు అర్థం రాసుకునేవాళ్లు.

కాలేజీలకు గ్రేడు ఇచ్చే బృందం సోమవారం వస్తుందని తెలిసిన రోజునుంచి శైలజ మేడం ముఖంలో కళ లేదు. శుక్రవారం ప్రిన్సిపాల్ సార్ లైబ్రరీకి వచ్చి నిలబడే మాట్లాడాడు. సుక్కమ్మ బల్లలు తుడుస్తోంది. ఊడ్చే మనిషి ఉన్న గదిని ఎవరూ లేని గదిగానే లెక్కేస్తారు కాబట్టి ఆయన గొంతు తగ్గించలేదు.

"ఈ లైబ్రరీ తోని పిల్లలకు ఏం లాభమైందని అడుగుతరమ్మా. ఏం చూపిస్తవ్? ఇండ్లకు పోయిన పుస్తకాల లెక్క చూస్తే ఏం లేదు."

"ఇంటికి తీస్కపోరు సార్. ఇక్కడనే కూసోని సదువుతరు."

"కూసున్నరని సంతకాలున్నయ్. సదివిండ్రని ఏం రుజువు? బస్సు కోసం కూసున్నరు, ఫ్యాను కింద చల్లగ. నా మాటిను శైలజా. మధ్యాహ్నం రెండింటికి తాళమేసుకుందాం. అటెనుక ఈ రూమును స్మార్ట్ క్లాసు చేస్తే వాళ్లకు గూడ చూపియ్యనీకి ఒకటుంటది."

మేడం సంతకాల పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. తర్వాత, "సోమవారం దాక ఆగున్రి సార్. లెక్కలు గాదు, వాళ్లను ర్యాకుల దగ్గరికే తీస్కపోయి చూపిస్త" అంది.

"చూపియ్యి. వాళ్లేమీ అనకపోతే మంగళవారం నుంచి తాళం" అని ఆయన వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సుక్కమ్మ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, రెండింటికే లైబ్రరీ మూస్తారేమోనని పొరపాటున అనేసింది. శివకృష్ణ ఫోన్లోంచి తల ఎత్తాడు. "మంచిగైతది గదనే అమ్మా. మూడింటికల్ల ఇంట్ల ఉంటవ్. పిల్లగాన్ని అంగన్‌వాడి నుంచి తెస్తవ్, గొర్లకు నీళ్లు పెడ్తవ్." లోపలినుంచి కోడలు, "అత్తమ్మ జెల్ది వస్తే పిండి గూడ ఆమెనే పట్టిస్తది, నాకు మిషన్ మీద జాకెట్లు కుట్టుకునే టైం దొరుకుతది" అంది. వాళ్ల మాటల్లో చెడ్డతనం లేదు. కోడలికి కూడా ఒక గంట కావాలి, ఆ సంగతి సుక్కమ్మకు అర్థమైంది. కానీ ఆ గంట తన దగ్గరినుంచే ఎందుకు పోవాలి, ఆ ఇంట్లో ఇంకో మనిషి ఫోను పట్టుకుని మంచం మీద పడుకునే ఉన్నాడు కదా. ఇంకా రాని గంటను పంచుకోవడం అప్పుడే అయిపోయింది. ఆమెను అడగలేదు. నువ్వు ఆ పొద్దు ఏం చేస్తావే అమ్మా అని ఒక్కమాట అడిగితే, తిమింగలం సంగతి చెప్పేదేమో.

ఆ రాత్రంతా ఆమెకు ఒకటే ఆలోచన. మేడం ర్యాకులు చూపిస్తానంది. ర్యాకులు చూసి వాళ్లు మెచ్చుకుంటే గది ఉంటుంది. మేడం ఒంటరి, చేతికింద ఒక మనిషి కూడా లేడు. గది నిలవాలంటే తను చేయగలిగింది ఒక్కటుంది, అది తనకు బాగా వచ్చిన విద్య.

ఆదివారం పొద్దున్నే, ఎవరూ రమ్మనకుండానే ఆమె కాలేజీకి వెళ్లింది. తాళాలు ఎట్లాగూ ఆమె దగ్గరే ఉంటాయి. దుకాణంలో రెండు రబ్బరు ముక్కలు కొనుక్కుంది. మొదటి ర్యాకు మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టింది. ఒక్కో పుస్తకం దులిపి, తెరిచి, పుల్ల తీసి, టికెట్టు తీసి, మడిచిన మూలలు అరచేత్తో సాపు చేసి, గీతలు తుడిచి. పిల్లలు సన్నగా రాసుకున్న అర్థాలు పోవడానికి ఎక్కువసేపు పట్టింది, కాగితం చిరగకుండా ఊదుకుంటూ తుడిచింది. నడుము పట్టేసింది. మధ్యాహ్నం అన్నం కూడా మర్చిపోయింది. చివరి ర్యాకులో తన పుస్తకం దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. తన పుల్ల కూడా ఉంది అందులో. పుల్లలన్నీ తీసి ఇది ఒక్కటి ఉంచితే ఏం న్యాయం, అనుకుని దాన్నీ తీసేసింది. సాయంత్రానికి లైబ్రరీ ఎవరూ ఎప్పుడూ రాని లైబ్రరీలా మెరిసింది. పుల్లలన్నీ కొంగులో మూటగట్టి ఇంటికి తెచ్చి నీళ్ల పొయ్యి కింద పెట్టింది. బాగా ఎండినవి, చటచటా అంటుకున్నాయి.

సోమవారం శైలజ మేడం ఇస్త్రీ చేసిన నేత చీరలో పెందలాడే వచ్చింది. వచ్చీ రాగానే ర్యాకు దగ్గరికి వెళ్లి ఒక పుస్తకం తీసి తెరిచింది. ఇంకోటి తీసింది. పక్క ర్యాకుకు పోయి మూడు నాలుగు గబగబా తిరగేసింది. సుక్కమ్మ తలుపు దగ్గర నిలబడి, మేడం ఇటు తిరిగి ఏదైనా అంటుందని ఎదురుచూస్తోంది.

"సుక్కమ్మా, వీటిల పుల్లలేవి?"

"తీసేసిన మేడం."

"అన్నీ?"

"ఒక్కటి గూడ ఇడువలేదు. నిన్న పొద్దుగాల్నించి కూసోని తీసిన. గీతలు గూడ తుడిచిన, సూడున్రి."

మేడం అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. "ఎందుకు తీసినవ్?"

"పెద్దోళ్లు వస్తున్నరు గద మేడం. ర్యాకులు చూపిస్తనంటిరి."

మేడం నవ్వింది. అది మెచ్చుకునే నవ్వు కాదని సుక్కమ్మకు తెలిసింది. "నేను చూపిస్తనన్నది ఆ పుల్లలనేనమ్మా. ఏ పుస్తకం ఎక్కడిదాక సదివిండ్రు, ఏ మాట దగ్గర ఆగిండ్రు, అర్థంగాక ఏం రాసుకున్నరు, అన్నీ అండ్లనే ఉండె. నా తాన ఉన్న రుజువే అది. ఇప్పుడు చూస్తే ఒక్క పుస్తకం ముట్టినట్టు లేదు."

మేడం తిట్టలేదు. కాసేపటికి లేచి, చీర సరిచేసుకుని, "తప్పు నాది లే. నీకు చెప్పాల్సింది. చెప్పాలని నాకు తోచనే లేదు" అంది.

తిట్టినా బాగుండేది అనుకుంది సుక్కమ్మ. చెప్పాలని తోచకపోవడం ఆమెకు కొత్త కాదు. సగం మంద అమ్మినప్పుడు బీరన్నకు తోచలేదు, దొడ్డి సగం ఖాళీగా ఉంటే తెలిసింది. కొడుకు పెండ్లి ఖాయమైనప్పుడు ఇంతమందికి వండు అన్నాక తెలిసింది. మంచివాళ్లకూ తోచదు, చెడ్డవాళ్లకూ తోచదు. మేడం మంచిది. మంచిదైనా అంతే. కానీ ఈసారి తను ఎవరో చెప్పినందుకు చేయలేదు, ఎవరో రమ్మన్నందుకు రాలేదు. తనంతట తనే వచ్చి, తన చేతులతో, ఇంత మంది పిల్లలు ఇన్నాళ్లు కూర్చుని చదివిందంతా లేకుండా చేసింది. తన పనినే కాదు, ఎదుటివాళ్ల పనిని కూడా కనబడకుండా చేసేంతగా ఆ విద్య వచ్చేసింది తనకు.

బృందం నుంచి లైబ్రరీకి వచ్చింది ఒక్కరే, ఒక పెద్దావిడ, ఎక్కడో పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి మెత్తబడిన గొంతు. వెంట ప్రిన్సిపాల్ సార్. బల్లల దగ్గర పిల్లలు కదలకుండా కూర్చున్నారు. చేతులు ఒళ్లో, చూపులు నేల మీద. అంత బుద్ధిగా వాళ్లు ఎప్పుడూ కూర్చోరు.

ఆవిడ శైలజ మేడంను అడిగింది. "ఎంతమంది వచ్చారో సంతకాల్లో చూశాను. వచ్చాక ఏం నేర్చుకున్నారో మీకెలా తెలుస్తుంది?"

"చూస్తుంట మేడం. రోజు చూస్తుంట."

"మీరు చూస్తారు. నేను ఒక్క పూటే ఉంటాను కదా, నాకెలా తెలియాలి?" ఆవిడ ర్యాకులోంచి ఒక పుస్తకం తీసి తిరగేసింది. తెల్లగా, సాపుగా ఉన్నాయి పేజీలు. ఇంకోటి తీసింది. "దీన్ని ఎవరైనా తెరిచారా అసలు?"

"అదే నేను చెప్తున్నది మేడం" అన్నాడు ప్రిన్సిపాల్ సార్. "పిల్లలు మంచోళ్లే, గని ఇంట్రెస్టు లేదు. అందుకే ఈ రూమును రెండింటి దాకనే పెట్టి..."

ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. ఇక్కడేం చదువుతారు?" ఎవరూ నోరు విప్పలేదు. అక్షిత ఒకసారి ప్రిన్సిపాల్ సార్ వైపు చూసి తల దించుకుంది. పెద్దవాళ్ల ముందు మాట్లాడకూడదన్న మాట ఇంట్లో ఎన్నేళ్లు విని ఉంటుందో. ఒక్క ప్రశ్నతో అది ఎట్లా పోతుంది.

అప్పుడే సుక్కమ్మ టీ కప్పులున్న పళ్లెంతో వచ్చింది. ఆవిడ కప్పు అందుకుంటూ చుట్టూ చూసి, "లైబ్రరీ మాత్రం చాలా శుభ్రంగా ఉంది. నువ్వేనా అమ్మా చేసేది? అద్దంలా పెట్టావు" అంది.

ఆ మాట కోసం సుక్కమ్మ ఒక జీవితం ఎదురుచూసింది. సోమమ్మ అనలేదు, బీరన్న అనలేదు, కొడుకు అనలేదు. ఇన్నేళ్లకు, ఎక్కడినుంచో వచ్చిన ఒక పెద్దావిడ, అందరి ముందు, కళ్లలోకి చూస్తూ అంది. ఆ మాట చెవిన పడ్డాక కడుపులో ఏదో చల్లగా ఉంటుందనుకుంది. కారం తిన్నట్టు మండింది.

"నేనే మేడం" అంది. "నేనే పాడు జేసిన."

"టీ ఇచ్చి పో సుక్కమ్మా" అన్నాడు సార్.

"ఇస్తున్న సార్." పళ్లెం పట్టుకునే ఆవిడ వైపు తిరిగింది. "మేడం, ఇది గిట్ల అద్దం లెక్క లేకుండె. ఏ పుస్తకం తెరిచినా పుల్లలుండె, గీతలుండె, ఈ పిల్లలు రాసుకున్నయి ఉండె. ఇంటికి తీస్కపోతే సదవనియ్యరని ఇక్కడనే సదివి గుర్తు పెట్టుకోని పోతరు. మీరొస్తున్నరని నిన్న నేనే అన్ని పీకేసిన. పొయ్యిల పెట్టిన. మా ఇండ్లల్ల గట్లనే, సుట్టాలు వస్తే చేసిన పని కనబడనియ్యం. అది నాకు అలవాటు. వీళ్లు సదవక గాదు."

ఆవిడ కప్పు బల్ల మీద పెట్టింది. "నీ మాట నమ్ముతానమ్మా. కానీ నేను నమ్మానని రాస్తే చెల్లదు. కళ్లకు కనబడింది రాయాలి."

కళ్లకు కనబడింది. సుక్కమ్మ పళ్లెం బల్ల మీద దించింది. పుస్తకాల బల్ల మీద టీ పళ్లెం పెట్టడం ఆమె ఇంతవరకు ఎరగదు. చివరి ర్యాకు దగ్గరికి నడిచి సముద్రం పుస్తకం తీసింది. ర్యాకు వెనక్కి పోలేదు. నడిచి మధ్య బల్ల దగ్గరకు వచ్చి కుర్చీ లాగింది. ఈ గదిలో అన్ని కుర్చీలూ ఆమె తుడిచినవే, ఏ ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. కూర్చుంది.

పుల్ల లేదు. పేజీలు తిప్పింది. చేపల గుంపు, పగడాలు, ఓడ, మళ్లీ వెనక్కి. నీలం బొమ్మ కింద వరుస మీద వేలు ఆగింది. "తల్లి... తన తలతో... పిల్లను... పైకి నెడుతుంది. పైకి వచ్చిన పిల్ల... మొదటి... శ్వా... శ్వాస..." పిల్లలెవరూ నవ్వలేదు. ఆమె తల ఎత్తింది. "గిక్కడ ఆగిన మేడం. నీళ్లల్ల పుట్టిన పిల్లకు ఊపిరెట్ల అనుకున్న. తల్లే మీదికి నూకుతదట. అటెనుక ఏమైతదో ఇంక సదవలేదు."

కుర్చీ ఒకటి కిర్రుమంది. అక్షిత లేచింది. ఎవరి వైపూ చూడకుండా ర్యాకు దగ్గరికి పోయి రసాయన శాస్త్రం పుస్తకం తీసి, నాలుగు పేజీలు తిప్పి, తెచ్చి ఆవిడ ముందు తెరిచి పెట్టింది.

"మా అమ్మమ్మకు మోకాళ్లు వంగిపోయినయి మేడం, ఫ్లోరిన్ నీళ్లతోని. మా ఇంట్ల అయినా బోరు నీళ్లే కాగబెట్టి తాగేటోళ్లు, కాగబెడితే మంచిగైతయని. కాగబెడితే ఫ్లోరైడు పోదు, నీళ్లు తగ్గి ఇంక చిక్కబడతది. దీంట్లనే సదివిన. ఇంటికి పోయి మా అమ్మకు చెప్పిన."

"మీ అమ్మ ఏమంది?"

"సదువుకున్నవని మాకే నేర్పుతున్నవా అన్నది మేడం. గని కాగబెట్టుడు ఆపింది. ఇప్పుడు నల్లాల వచ్చే నది నీళ్లు పట్టుకొస్తున్నం."

"ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదు మేడం. మా సిలబస్‌ల లేదు."

ఒకరి వెనక ఒకరు లేచారు. ర్యాకుల మధ్య చెప్పుల చప్పుడు, పేజీల చప్పుడు. భాగ్యలక్ష్మి ఆస్తి హక్కుల పుస్తకం తీసి ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉంది. చెమటలు పట్టాయి. "దొరుకుతలేదు మేడం. ఆడపిల్లలకు గూడ భాగముంటదని ఉండె, అది సదివి ఆగిన... యాడనో..." అని చివరికి, "అంత మొదటి నుంచి మల్ల సదువుత పో" అనేసింది. అందరూ ఒక్కసారి నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. కొందరికి దొరికాయి, కొందరికి దొరకలేదు. దొరకని వాళ్లు కూడా కూర్చోలేదు, వెతుకుతూనే ఉన్నారు. శైలజ మేడం కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఆవిడ బల్ల బల్లకూ తిరిగింది. చాలాసేపు ఉంది, పక్క గదిలో ఏవో చూపించాలని ప్రిన్సిపాల్ సార్ రెండుసార్లు గుర్తుచేసినా. చివరికి శైలజ మేడం దగ్గరికి వచ్చి అంది. "దీన్ని రాయడానికి మా కాగితంలో ఎక్కడా గడి లేదండి. అయినా రాస్తాను. సాయంత్రం అయిదున్నర దాకా ఈ గది తెరిచే ఉంచండి, ఒక ఏడాది. వచ్చే ఏడు ఎవరైనా వచ్చినప్పుడు ర్యాకులు ఉన్నవి ఉన్నట్టు ఉండాలి." ప్రిన్సిపాల్ సార్ వైపు చూసింది. ఆయన, "ఒక ఏడాదంటే ఏముంది మేడం, అట్లనే" అన్నాడు. అనడానికి ఇష్టం లేకపోయినా అన్నాడు.

ఈ మాటలు సుక్కమ్మకు సగం వినిపించాయి. ఆమె పక్క పేజీలోకి వచ్చేసింది. పిల్ల ఊపిరి తీసుకున్నాక తల్లి దాని పక్కనే ఈదుతుందట, ఎన్నో నెలలట. ఆ నెలల్లో తల్లి ఏం తింటుందో రాశారా అని వేలు కింది వరుసకు దించుతుండగా, తలుపు దగ్గరినుంచి సార్ పిలిచాడు.

"సుక్కమ్మా, మేడం పోతున్నరు. కప్పులు తీయ్."

ఆమె మోకాళ్లు వాటంతట అవే లేవబోయాయి. కుర్చీ వెనక్కి జరిగింది కూడా. వేలు మాత్రం వరుస మీదినుంచి కదలలేదు.

"జర ఆగున్రి సార్" అంది సుక్కమ్మ, తల ఎత్తకుండా. "ఈ పేజీ అయినంక తీస్త."